ముద్దపూల మోజు

కడియం నర్సరీల మొక్కల్లో మనవారు ఏరి కొనేది ముద్దమందారాన్నే. రేకమందారం పేదదట!

ఆ ముద్దతనం ఎక్కడిది? రేకమందారం నడుమ నిలిచే కేసరాలే ముద్దదానిలో చాలావరకు రేకులైపోయాయి. ఇక పుప్పొడి ఏది? తేనెకు దారేది? తేనెటీగ, తేనెపిట్ట ఆకలితోనే మరలిపోతాయి. విందుకు పిలిచి విస్తరి వేయకపోవడం మర్యాదా? ఎంత పూచినా ఝంకారం వినబడనిది తోట కాదు, బట్టలకొట్టు.

ముద్దపూలను పీకివేయమనను. ఒక ముద్దకు రెండు రేకలు పెంచండి. ఖర్చేమున్నది? తొలకరిలో పొరుగింటివారినడిగి రేకమందారం కొమ్మ జానెడు తెచ్చి, కణుపులు మునిగేలా కుండీలో నాటి, వేరూనేదాకా నీడలో పెట్టి, ఆపై ఎండకు మార్చండి.

పూజకు ముద్దపూవే శ్రేష్ఠమంటారా? తుమ్మెదను పస్తు పంపిన పూవు దేవుడికెలా శ్రేష్ఠమో సెలవీయండి.