కొన్నవాడు యజమాని కాడా?

తాను కట్టిన యింటి తాళపుచెవి నొకదానిని మేస్త్రి తనయొద్దనే యుంచుకొని, తోచినప్పుడెల్ల వచ్చి తలుపు గడియ తీసి పోవుచుండిన నే గృహస్థుడు సహించును? కంప్యూటర్ల విషయమున నట్టి యాగడమే జరుగుచున్నది.

తయారీదారులు క్రొత్త యంత్రములలో తమ సాఫ్ట్‌వేరును ముందుగనే యెక్కించి యమ్ముదురు. 2015 జూన్ నెలలో, శాంసంగ్ ల్యాప్‌టాపులలోని యట్టి సాఫ్ట్‌వేరు విండోస్ అప్‌డేటును నిలిపివేయుచున్నదని బయటపడినది. యజమాని దానిని మరల నడిపించినను, యంత్రమును తిరిగి ప్రారంభించినంతనే యది యాగిపోవుచుండెను. లోకము గర్హించిన పిమ్మట సంస్థవారు సరిదిద్దెదమనిరి.

విండోస్ వెంట వచ్చు డ్రైవర్లు తమ యంత్రములకు సరిపడకపోవచ్చునని తయారీదారుల వాదము. అందు కొంత నిజము లేకపోలేదు. కాని డ్రైవరు సరిపడనిచో డ్రైవరునే యాపవలెను గాని, దొంగలు చొచ్చు కన్నములను పూడ్చు రక్షణ నంతటిని, అదియు యజమాని యెరుగకుండ, ఆపుట యే ధర్మము?

తయారీదారుల సాధనములే సురక్షితములని నమ్ముటకును వీలులేదు. 2018లో ఆసుస్ సంస్థవారి యప్‌డేటు సాధనము ద్వారముననే దుండగులు, ఆ సంస్థ సంతకము గల విషప్రోగ్రామును వేలకొలది యంత్రములకు పంపిరి.

మన ప్రభుత్వ కార్యాలయములును విద్యాలయములును కంప్యూటర్లను టెండర్లు పిలిచి కొనుచున్నవి. యజమాని యనుమతి లేక యే సాఫ్ట్‌వేరైనను అప్‌డేట్లలో జోక్యము చేసికొనరాదనియు, అక్కరలేనిదానిని పూర్తిగ తొలగింప వీలుండవలెననియు ఆ టెండర్లలోనే నిబంధన చేర్చవలెనని మేము కోరుచున్నాము. ప్రభుత్వము పట్టుబట్టి సాధించిన నిబంధన సామాన్యునికిని రక్ష యగును. వెల చెల్లించినవానికి వస్తువుపై సంపూర్ణాధికారము లేనిచో, అది క్రయము కాదు, కౌలు మాత్రమే.