గాలము – కొర్రమీను – కొన్ని ఆలోచనలు

ఈ విద్యాసంవత్సరం ఆరంభంలో ఒకనాడు మేము ఛందస్సు పాఠం ముగించి బయటకు రాగానే, బి.కాం. రెండవ సంవత్సరం విద్యార్థి ఒకడు మా వెంట వరండా చివరిదాకా నడిచి వచ్చాడు. గణవిభజనలో ఏదో సందేహం కాబోలునని సంతోషించాము. "సార్, నాలుగు వేల లోపల కొర్రమీనుకు మంచి రీలు ఏది?" అని అడిగాడు. ఆదివారాలు మేము చెరువుగట్టున కనబడుతామనే సంగతి కళాశాలలో పొక్కినట్లున్నది. ఆ ప్రశ్నకు వరండాలో చెప్పిన జవాబు చాలదనిపించి ఈ వ్యాసానికి పూనుకొన్నాము.

గాలం వేయుటలో నేర్పు అంగడిలో దొరుకుతుందని నేటి యువకుల నమ్మకం. ఏ చేప, ఏ నీరు, ఏ కాలం అన్న మూడూ తెలిసిన తరువాతనే కర్ర, దారం, రీలు అన్న మాటలు రావాలన్నది మా అభిప్రాయం. ఈ మూడింటిలో కాలాన్ని గూర్చి అడిగేవారు మాకు ఇంతవరకు తారసపడలేదు. అసలు చిక్కు అక్కడే ఉన్నది.

ముందు చేప సంగతి. తెలంగాణ పల్లెలలో కొర్రమట్ట అనీ, నగరంలో ఉర్దూ మాట్లాడే ఇండ్లలో మరెల్ అనీ పిలిచే ఈ కొర్రమీను తెలంగాణకు రాష్ట్ర మత్స్యం కూడ. దీనికి మొప్పలు మాత్రమే చాలవు. తల లోపల గాలి పీల్చుకొనే ప్రత్యేకమైన అర ఒకటి ఉన్నది. అందువలన నీరెంత మంచిదైనా మధ్యమధ్య పైకి వచ్చి గాలి మింగవలసిందే. నిలకడ నీటిలో, తుంగలో, తామరాకుల నీడలో కదలక పొంచి ఉండి, కప్పనో చిన్న చేపనో ఒక్క ఉదుటున పట్టుకొంటుంది. ఈ రెండు లక్షణాలు తెలిసినవాడు బెండు కట్టి, వానపాము గుచ్చి, పొద్దంతా కునుకుతూ కూర్చోడు. గట్టున నిలబడి నీటిని చూస్తాడు. 'గుబుక్' మని ఒక బుడగ లేచిన చోటును గుర్తు పెట్టుకొంటాడు.

ఇప్పుడు మన అంగళ్ళలో అమ్మే రబ్బరు కప్పలు, పొట్టి గట్టి కర్రలు కొర్రమీను కొరకు పుట్టినవి కావు. అవి అమెరికాలో బాస్ అనే చేప కొరకు పెరిగిన విద్య తెచ్చిన సరుకు. అక్కడ హెన్షల్ అనే వైద్యుడు 1881లోనే ఆ ఒక్క చేపపై పెద్ద గ్రంథం వెలువరించాడు. 1967లో రే స్కాట్ అనే ఆయన దాని పట్టుడు పోటీలను వ్యవస్థీకరించిన పిమ్మట అదొక మహావ్యాపారమైనది. బాసుకూ కొర్రమీనుకూ చుట్టరికం లేదు గాని నడవడిలో పోలిక ఉన్నది. అదీ ఆకుల కింద పొంచే చేపయే, అదీ కప్పను చూచి ఆగలేనిదే. కనుక అక్కడి కప్ప ఇక్కడ కూడ పనికి వచ్చింది. మన చెరువులను గూర్చి పుస్తకాలు లేవనుకొనేవారికి ఒక మాట. మద్రాసు సివిల్ సర్వీసులో ఉండిన హెచ్. ఎస్. థామస్ 1887లో భారతదేశపు చెరువులలో గాలం వేయుటను గూర్చి ప్రత్యేకంగా ఒక గ్రంథమే ప్రకటించాడు. మనవారు చేపల పులుసును గూర్చి చెప్పినంతగా చేపను గూర్చి వ్రాయలేదని తెలుగు అధ్యాపకులుగా కొంత సిగ్గుపడుతూనే ఈ మాట చెబుతున్నాము.

ఇక సామగ్రి. కర్ర ఆరున్నర నుండి ఏడు అడుగులు ఉంటే చాలును. కొన కొంత వంగాలి, నడుము మాత్రం వంగకూడదు. తుంగలో చిక్కిన చేపను పైకి ఎత్తవలసినది నడుమే. రీలు విషయంలో యువకులు చేసే ఖర్చు చాలవరకు వృథా. స్పిన్నింగ్ రీలు కొత్తవానికి సులభం. బెయిట్ కాస్టింగ్ రీలు చేయి కుదిరినవానికి గురి ఇస్తుంది. కుదరనివానికి ప్రతి విసురుకూ దారం ఉండచుట్టుకొని, ఆదివారమంతా చిక్కు విప్పుటతోనే సరిపోతుంది. మా అభిప్రాయంలో డబ్బు పెట్టవలసినది దారం మీద. సాగే నైలాను దారం ఆకుల నడుమ పనికిరాదు. పదిహేను, ఇరవై కిలోల బరువుకు తాళే అల్లిక దారం కావాలి. "రెండు కిలోల చేపకు అంత దారమెందుకు? సన్నదారంతో పోరాడి పట్టుటలోనే గదా మజా!" అని మా మిత్రులొకరు వాదిస్తారు. సన్నదారం తుంగలో తెగుతుంది. తెగితే చేప నోటిలో ఇనుప కొక్కెంతో పోతుంది. మిగిలిన దారం గడ్డికి చుట్టుకొని, ఎన్నడో ఒకనాడు ఏ నీటికాకి కాలికో ఉరియవుతుంది. పట్టేవాడి మజా కొరకు అది జరుగరాదని మేము అంటాము. ముతకదారమే దయగల దారం.

రబ్బరు కప్పకు రెండు కొక్కేలు వీపును ఆనుకొని పైకి చూస్తూ ఉంటాయి. కాబట్టి ఆకులకు తగులుకోవు. చేప నోట నొక్కినపుడు రబ్బరు కుంగి అవి బయటపడతాయి. కొక్కెపు ముల్లును పట్టకారుతో నొక్కివేయుట మా అలవాటు. చేపలు కొన్ని జారిపోయే మాట నిజమే గాని, వదలవలసిన చేపను గాయం లేకుండ వదలవచ్చును. బ్రతికిన కప్పను గుచ్చే పాత పద్ధతి మాకు సమ్మతం కాదు. రబ్బరుతో అయ్యే పనికి ప్రాణమెందుకు?

విసరుటలో కిటుకు ఇంతే. బుడగ లేచిన చోటనే కప్పను పడవేస్తే చేప బెదరుతుంది. దానికి ఆరేడడుగులు అవతల పడవేసి, ఆకులమీదుగా ఆగి ఆగి నడిపించుకొని రావాలి. నీరు పగిలినట్లు చప్పుడై కప్ప మాయమవుతుంది. అప్పుడు ఉలిక్కిపడి లాగినవాడికి ఖాళీ కప్ప ఎగిరివచ్చి ముఖాన తగులుతుంది (మాకు తగిలినది). మనసులో ఒకటి, రెండు అనుకొని, దారం బిగిసిన తరువాత గట్టిగా లాగాలి.

ఇంతవరకు చెప్పినది ఎవరైనా చెబుతారు. మేము చెప్పదలచిన సంగతి వేరు.

కొన్నేండ్ల క్రిందట, వానలు బాగా కురిసిన ఒక శ్రావణమాసంలో, మా జిల్లాలోని ఒక చెరువు గట్టున నిలబడి ఉన్నాము. కొద్ది దూరాన నీటిమీద పళ్ళెమంత మేర చినుకులు పడుతున్నట్లు కదలిక కనబడింది. వాన లేదు. పరికించి చూస్తే ఎఱ్ఱని చిరుచేపల గుంపు. వందలకొలది పిల్లలు ఒక్కుమ్మడిగా పైకి వచ్చి గాలి మింగి దిగుతున్నాయి. కప్పను ఆ గుంపు మీదుగా లాగాము. మొదటి విసురుకే పెద్ద చేప పడింది. రెండు కిలోలకు తక్కువ ఉండదు. మా సంతోషానికి మేర లేదు. గట్టున వల బాగుచేసుకొంటున్న వృద్ధుడు ఒకాయన తల ఎత్తి, "పిల్లల తల్లిని గుంజినవు గద సారూ" అన్నాడు. ఇంకేమీ అనలేదు, మరల వల చేతికి తీసుకొన్నాడు. మేము నీటివైపు చూచాము. చిన్న చిన్న చేపలు నలుప్రక్కల నుండి ఆ ఎఱ్ఱని గుంపులో పడి చెల్లాచెదరు చేస్తున్నాయి. పావుగంటలో నీటిమీద కదలిక అణగిపోయింది. ఆనాడు ఇంట కూర వండారు గాని మాకు సయించలేదు.

కొర్రమీను వానకాలంలో గడ్డిని తొలగించి నీటి నడుమ గూడు వంటి చోటు చేసుకొంటుంది. గుడ్లు నీటిపై తేలుతాయి. పిల్లలు పొదిగిన తరువాత కూడ తల్లిదండ్రులు వాటి క్రిందనే తిరుగుతూ కాపలా కాస్తాయి. ఆ సమయంలో కప్పమీద పడేది ఆకలితో కాదు, పిల్లల మీదికి వచ్చిన శత్రువును తరుముటకు. అందువలననే గుంపు మీద వేసిన గాలం అంత తేలికగా ఫలిస్తుంది. అట్టి పట్టుడును నైపుణ్యమని చెప్పుకొని ఛాయాచిత్రాలు చూపించుట మాకు వింతగా ఉన్నది. బాసు జాతిలో కూడ మగచేప గూటిని కాస్తుంది. దానిని కొంతసేపు తొలగించినా ఇతర చేపలు గుడ్లను తినివేస్తాయని అక్కడి పరిశోధకులు గమనించారు. కెనడాలోని ఒంటారియోలో చాలచోట్ల ఆ వసంతకాలంలో బాసును పట్టుట నిషిద్ధం. పట్టి వదలివేస్తే పాపం లేదనేవారు ఈ సంగతి ఆలోచించాలి.

మన చేపకు దాయాది అయిన చీనాదేశపు జాతి ఒకటి 2002లో అమెరికాలోని మేరీలాండు రాష్ట్రంలో ఒక కుంటలో కనబడితే, అక్కడి అధికారులు కుంటలో విషమందు కలిపి దానిని నిర్మూలించవలసి వచ్చింది. అక్కడి నీటికి అది పరాయిది గనుక అది న్యాయమే కావచ్చును. అక్కడి మాట పట్టుకొని, "ఎంత చంపినా తరగని చేప" అని ఇక్కడ అనుట చెల్లదు. ఇక్కడ అది ఇంటి చేప.

ఉర్దూలో గాలం వేయుటను మఛ్లీ కా షికార్ అంటారు. షికారు అన్న తరువాత దానికొక మర్యాద ఉంటుంది. పిల్లలతో ఉన్న లేడిని కొట్టనివాడు, పిల్లలతో ఉన్న కొర్రమట్టను మాత్రం ఎట్లు లాగుతాడు? ఇంకొక మాట. చెరువులో చేపల హక్కు సాధారణంగా మత్స్యకారుల సహకార సంఘానిది. మనకు ఆదివారపు సరదా అయినది వారికి ఏడాది పొడుగునా జీవనం. అడిగి గాలం వేయాలి, వద్దన్నచోట వేయరాదు. ఆ వృద్ధునివలె వారిలో పెద్దలకు ఏ నెలలో ఏ మడుగులో పిల్లలున్నవో మన రీళ్ళ అంగడివారికంటె బాగా తెలుసును.

కూరకొక చేపను తెచ్చుకొనుట తప్పని మేము అనుట లేదు. ముండ్లు తక్కువైన ఆ మాంసం రుచి తెలియనివారము కాము. ఎఱ్ఱని గుంపు కనబడిన మడుగులో ఆ నెలంతా గాలం వేయరాదన్నదే మా మాట. వానకాలంలో మేము కర్రను అటక మీద పెడుతున్నాము, కార్తికం వచ్చినాకనే దించుతాము.

ఆ బి.కాం. విద్యార్థి మరునెలలోనే స్పిన్నింగ్ రీలు కొన్నాడు. అది ఆషాఢం. కొక్కేలు ఊడదీసిన రబ్బరు కప్ప ఒకటి ఇచ్చి, కళాశాల మైదానంలో సైకిలు టైరొకటి పడవేసి, ముప్పది అడుగుల నుండి దానిలో పడేటట్లు విసరుట నేర్చుకొమ్మన్నాము. సాయంకాలాలలో వాలీబాల్ ఆడేవారు వాడిని చూచి నవ్వుతున్నారు. పదింట నాలుగు పడుతున్నవని మొన్న వచ్చి చెప్పాడు.