కోస్తా రహదారి – స్థానిక సంస్థల కర్తవ్యము

కత్తిపూడి కడ కలకత్తా–మద్రాసు రాజమార్గమునుండి చీలి, కాకినాడ, యానాము, అమలాపురము, రాజోలు, పాలకొల్లు, నరసాపురము, పెడన, మచిలీపట్టణము, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా ఒంగోలు చేరి, మరల ఆ మార్గముననే కలియు బాట 216వ సంఖ్యగల జాతీయ రహదారి. 2010లో దేశమందలి రహదారుల సంఖ్యలు మార్పబడుటకు పూర్వము దీనినే 214 అనియు 214 ఏ అనియు పిలుచుచుండిరి. దీని నిడివి సుమారు 390 కిలోమీటర్లు. గౌతమిని యెదుర్లంక కడను, వైనతేయమును బోడసకుర్రు కడను, వసిష్ఠను చించినాడ కడను, కృష్ణను పులిగడ్డ–పెనుమూడి వారధిపైనను ఇది దాటుచున్నది. ఒకనాడు రేవు నావలకై గడియలు కాచుకొనిన జనులు నేడు నిమిషములలో ఆవలి గట్టు చేరుచున్నారు. ఈ మేలును కాదనువాడు లేడు. 2023లో మచిలీపట్టణమున ఓడరేవు నిర్మాణము ఆరంభమైన పిమ్మట, రెండు వరుసల ఈ బాట చాలదు, నాలుగు వరుసలు కావలెనను మాట తీరమంతటను వినవచ్చుచున్నది. బాట వెడల్పగుట మంచిదే. అది యెవరి యాలోచనపై వెడల్పు కానున్నది? మన స్థానిక సంస్థలు తమను తాము వేసికొనవలసిన ప్రశ్న యిది. ఇంతవరకు వేసికొనినట్లు కానరాదు.

ఈ బాటపై ప్రతి యూరికిని ఒక కోరిక గలదు. ఒకరికి బాటక్రిందుగా దారి కావలెను. ఒకరికి ప్రక్కబాట కావలెను. ఒక పట్టణమువారు ఊరి వెలుపలినుండి చుట్టుదారి కోరుదురు. ఆ చుట్టుదారి తమ పొలములనుండి పోరాదని ప్రక్క గ్రామమువారి పట్టు. ఇందు అనేకములు న్యాయమైన కోరికలే. కాని అవి పోవు తీరు చూడుడు. సర్పంచి అర్జీ పట్టుకొని శాసనసభ్యుని వాకిట నిలుచును. వర్తకులు పార్లమెంటు సభ్యుని దర్శింతురు. పురపాలక సంఘము తీర్మాన మొకటి వ్రాసి పంపును; అది యే బీరువాలోనో నిద్రించును. పలుకుబడి గలవారి యూరికడ వంతెన లేచును, లేనివారి యూరికడ బడిపిల్లలు లారీల నడుమ పరుగిడుదురు. నూరు నోళ్లు నూరు మాటలు పలుకుచుండ, రహదారి యధికారులకు ఏ యొక్క మాటయు ఆలకింపవలసిన యగత్యము లేకపోవుచున్నది.

ఇది యెల్ల రహదారులకును ఉన్న చిక్కే. కోస్తా రహదారికి ఇంతకు మించిన చిక్కు మఱియొకటి గలదు. అది నీటిచిక్కు. ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను ముగిసినవి. నాటినుండి మన డెల్టాలలో పంటకాలువలు మెరకలపైనను, మురుగుకాలువలు పల్లములలోను సాగి, మురుగంతయు సముద్రాభిముఖముగా పోవుచున్నది. కోస్తా రహదారి యన్ననో, తీరమునకు సమాంతరముగా సాగును. కావున పల్లపు నేలలో పోవు ప్రతి మురుగుకాలువను, ప్రతి కోడును, ప్రతి పంటబోదెను ఇది అడ్డముగా ఖండింపక తప్పదు. ప్రాఁతబాటలు చాలవరకు కాలువగట్ల వెంబడి, నీటితో కూడ నడచినవి. క్రొత్తబాట నీటికి అడ్డముగా నడచుచున్నది. దాని గట్టు ఎంత ఎత్తైన అంత పొడవున నీటికి ఆనకట్ట. తూములు ఎచట ఉండవలెను, ఎంత వెడల్పుండవలెను అనుదానిపై కార్తెలో నాటిన వరి నిలుచునో మునుగునో ఆధారపడియున్నది.

పైగ్రామమువారు వెడల్పైన తూము కోరుదురు. తమ చేలలో నీరు నిలువరాదని వారి బాధ. దిగువ గ్రామమువారు ఆ తూము వలదందురు. ఆ నీరంతయు తమ మీద పడునని వారి భయము. ఇరువురిలో ఎవరును దుర్మార్గులు కారు. దిగువ మురుగుకాలువను పూడిక తీసి వెడల్పు చేసినగాని ఈ తగవు తీరదు. ఆ పని రహదారి శాఖది కాదు. రహదారి కేంద్రముది, మురుగుకాలువ రాష్ట్రముది, బోదెలు రైతులవి, చెరువులుగా మారిన చేలు మఱొకరివి. రహదారి ఇంజనీరు చేతిలోని పటములో బాటకు ఇరుప్రక్కల కొన్ని గజముల నేల మాత్రమే యుండును. మురుగుకాలువ ఆ గజములు దాటి యెచటికి పోవుచున్నదో ఆ పటము చెప్పదు. కొల్లేటి నీటిని సముద్రమునకు గొనిపోవు ఉప్పుటేరు పశ్చిమగోదావరి, కృష్ణా జిల్లాలకు ఎల్ల. దానిపై లోసరి కడ వంతెన దాటినంతనే జిల్లా మారును, కలెక్టరు మారును, జిల్లా పరిషత్తు మారును. ఏరు మాత్రము మారదు.

ఇక గాలివానలు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో, ప్రభుత్వపు లెక్కప్రకారమే, సుమారు పదివేలమంది గతించిరి. 1996 నవంబరు 6న కోనసీమ కొబ్బరితోటలు నేల కూలినవి. ఇట్టి దినములలో కోస్తా రహదారియే తీరవాసులకు పారిపోవు దారి, అన్నమును మందులును తెచ్చు దారి. కాని సముద్రపుటొడ్డున నున్న పల్లెనుండి రహదారివరకు వచ్చు బాట పంచాయతీదో, జిల్లా పరిషత్తుదో అయియుండును. ఆ నాలుగైదు మైళ్ల బాట గుంటలమయమై, మధ్యనున్న కల్వర్టు కూలిపోయినచో, రహదారి ఆరు వరుసలున్నను ఆ పల్లెకు ఒరిగినదేమి? పెద్దబాటకు కోట్లు వెచ్చించువారు చిన్నబాట తమది కాదందురు; చిన్నబాట గలవారికి డబ్బు లేదు.

డబ్బు ఎట్లు పైకి పోయినదో, డబ్బుతో కూడ మాట చెల్లుబడియు ఎట్లు పైకి పోయినదో కొంచెము చెప్పవలసియున్నది. మద్రాసు రాజధానిలో 1871 నాటి లోకల్ ఫండు చట్టము క్రిందను, 1884 నాటి లోకల్ బోర్డుల చట్టము క్రిందను, భూమిపై విధించిన సెస్సుతో బోర్డులు బాటలు వేసినవి. రైతు తన గ్రామమున చెల్లించిన పన్ను తన బాటపైనే కంకరగా పడుట కన్నులార చూచెను. మోటారుబండ్లు వచ్చిన పిదప ఆ సెస్సు చాలలేదు. 1927లో నియమింపబడిన జయకరు సంఘము, రహదారుల భారము రాష్ట్రములును స్థానిక సంస్థలును మోయజాలనంతటిదైనదని నిర్ణయించి, పెట్రోలుపై అదనపు సుంకము వేసి నిధి యేర్పరుపుమనెను. గాలనునకు రెండణాల చొప్పున 1929లో ఆ నిధి యేర్పడినది. 1943లో నాగపురమున ఇంజనీర్లు సమావేశమై రహదారులను జాతీయములు, రాష్ట్రీయములు, జిల్లా బాటలు, గ్రామపు బాటలు అని తరగతులుగా విభజించిరి. ఇవి యన్నియు వివేకముతో చేసిన పనులే. దేశమునంతను ఒక్క సూత్రమున కట్టు బాటలు ఒక్క చేతిలో నుండవలెనని నేనును అందును. ఆ విభజన డబ్బునకు సంబంధించినది మాత్రమే. గ్రామపు బాటను జాతీయ మార్గమునుండి వేరుచేసి ఆలోచింపుడని నాగపురమువారు చెప్పలేదు. ఆ వేరుపాటు కార్యాలయములు తెచ్చిపెట్టినది.

న్యాయవాదివృత్తిలో నాకు తరచుగా ఎదురగు విషయ మొకటి. 1956 నాటి జాతీయ రహదారుల చట్టము 3ఏ సెక్షను క్రింద భూమి తీసికొన నున్నట్లు ప్రకటన వెలువడును. 3సి క్రింద ఇరువదియొక్క దినములలో ఆక్షేపణ తెలుపవచ్చును. ఎవరు? ఆ భూమియందు హక్కుగలవారు. తన సొంత భూమి పోనిచో గ్రామపంచాయతీకి ఆ సెక్షను క్రింద నోరు లేదు. బాట ఊరిని రెండుగా చీల్చుచున్నదనియు, శ్మశానమునకు దారి మూతపడుచున్నదనియు, పశువుల మందకు నీటిరేవు దూరమగుచున్నదనియు మొఱపెట్టుటకు అది చోటు కాదు. ఇక పర్యావరణమునుగూర్చి 2006 నాటి ప్రకటన క్రింద ప్రజాభిప్రాయ సభ జరుగవలసిన పనులలో, ఆ సభ జిల్లాకొకటిగా వేరువేరుగా జరుగును. ఎగువజిల్లావారి మాట దిగువజిల్లావారు వినరు. అప్పటికి పటము సిద్ధమై, లెక్కలు ముగిసి, మనచేత వినిపింపబడుటయే మిగిలియుండును.

అట్లని చట్టమున దారియే లేదనుట పొరపాటు. 1993లో అమలులోనికి వచ్చిన 73, 74 రాజ్యాంగ సవరణలు చదివినవారికి ఇది తెలియును. 11వ షెడ్యూలులో 13వ అంశముగా బాటలు, కల్వర్టులు, వంతెనలు, రేవులు పంచాయతీలకు అప్పగింపదగినవని చెప్పబడినది. 243 జెడ్‌డి అధికరణము ప్రతి జిల్లాకును ఒక ప్రణాళికా సంఘ ముండవలెననియు, దాని సభ్యులలో ఐదింట నాలుగు వంతులకు తక్కువ గాకుండ జిల్లా పంచాయతీ, పురపాలక సంఘముల ఎన్నికైన సభ్యులు తమలోనుండి ఎన్నుకొనినవారే యుండవలెననియు శాసించినది. గ్రామములకును పట్టణములకును ఉమ్మడిగా నున్న విషయములు, భూమి వినియోగము, నీటి పంపకము, బాటలు మొదలగు సౌకర్యముల కూర్పు – వీనినన్నిటిని ఆ సంఘము గమనింపవలెనట! కోస్తా రహదారి సమస్యను ఎదుట పెట్టుకొని ఈ వాక్యమును వ్రాసిరా యనిపించును. ఇంతటి సంఘమును మనము చేసినదేమి? ఒక సమీక్షాసభగా, మంత్రిగారి ప్రసంగవేదికగా, కాగితముపై కోరముగా దిగజార్చితిమి. రాజ్యాంగ మిచ్చిన యధికారమును ఉపయోగింపని సభ్యులు ఢిల్లీ తమ్ము పలుకరించుట లేదని నిష్ఠురమాడుట యెట్టి న్యాయము?

2022లో జిల్లాల పునర్విభజనము ఈ పనిని మఱింత క్లిష్టము చేసినది. అంతకు ముందు ఈ రహదారి తూర్పుగోదావరి, పశ్చిమగోదావరి, కృష్ణ, గుంటూరు, ప్రకాశము అను ఐదు జిల్లాలలో నుండెను. పిమ్మట కాకినాడ, కోనసీమ, పశ్చిమగోదావరి, కృష్ణ, బాపట్ల, ప్రకాశము అని ఆరైనవి. కలెక్టర్లు క్రొత్త జిల్లాలకు వచ్చిరి. జిల్లా పరిషత్తులు మాత్రము అప్పటికి ప్రాఁత జిల్లాల లెక్కనే నిలిచినవి. రేపల్లె, చీరాలలు ఒకే కలెక్టరుక్రింద చేరియు రెండు పరిషత్తుల నడుమ నుండిపోయినవి. వీనికి తోడు యానాము. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండి, నేడు పుదుచ్చేరిలో భాగముగా నున్న ఆ చిన్న తెలుగు పట్టణము మీదుగానే రహదారి గోదావరిని దాటుచున్నది. ఆంధ్ర జిల్లాల ప్రణాళికా సంఘములలో దానికి పీట లేదు. వరద వచ్చినప్పుడు గౌతమి ఈ గట్టువారిని ఆ గట్టువారిని వేరుచేసి చూచునా?

స్థానిక సంస్థలకు నోరిచ్చిన పని ఆలస్యమగుననియు, వారు తమలో తాము కొట్లాడుదురనియు కొందఱు పెద్దమనుష్యుల వాదము. కొట్లాడుదురు, నిజమే. ఆ కొట్లాట పటము గీయకముందు నడచిన ఖర్చు టీనీళ్లతో తీరును. కంకర పోసిన పిమ్మట నడచిన హైకోర్టులో రిట్టుగా మారును. తూము చాలక గట్టు తెంచి, మరల పూడ్చి, మరల తెంచు పనికి ఎంత కాలము పట్టునో ఈ ఆలస్యపు లెక్కవేయువారు చెప్పరు. అమెరికా దేశమున 1962 నాటి రహదారుల చట్టము, ఏబదివేలకు మించిన జనముగల పట్టణ ప్రాంతములలో రాష్ట్రమును స్థానిక సంస్థలును కలసి నిరంతరముగా చేయు ప్రణాళిక లేనిదే కేంద్రపు ధనము రాదని కట్టడి చేసినది. రహదారులు వేయుటలో ఆ దేశమువారు జాగుచేసిరని నిందించినవారిని నేనెరుగను.

మన సంస్థల దోషమును దాచుటయు ధర్మము కాదు. చుట్టుదారి వేసిన రెండేండ్లకే దాని కిరుప్రక్కల దుకాణములకు, కల్యాణ మండపములకు, కాటాలకు అనుమతు లిచ్చుచున్న దెవరు? ఊరు మరల చుట్టుదారిపైకి ప్రాకి వచ్చును. అప్పుడు మఱొక చుట్టుదారి కావలెనని తీర్మానము! వారపు సంత రహదారి యంచున పెట్టనిచ్చి, చేపల చెరువుల లారీలు మలుపులో నిలుపనిచ్చి, ఊరి చెత్తను రహదారి గుంటలో పోయనిచ్చి, ప్రమాదము జరిగిన మరునాడు బాట దిగ్బంధము చేయుట పౌరుష మనిపించుకొనదు. మాట చెల్లవలెనని కోరు సంస్థ తన యనుమతుల పుస్తకమును ముందు సరిచూచుకొనవలెను. ప్రక్కప్రక్క పంచాయతీలు ఒకే కట్టుబాటు చేసికొనిన, ఒక యూరిలో కాదన్న దుకాణము పొరుగూరిలో లేచుట తప్పును.

నేను కోరునది క్రొత్త శాసనము కాదు. ఆరు జిల్లాల ప్రణాళికా సంఘములును, కాకినాడ, మచిలీపట్టణము, ఒంగోలు నగరపాలక సంస్థలును ప్రతినిధులను పంపి, యానాము వారిని పిలుచుకొని, ఏ పట్టణముననైన రెండుదినములు కూర్చుండుట. రహదారి దాటు మురుగుకాలువ లన్నిటి పట్టిక, ఏ యేటి వానకు ఏ తూముకడ నీరు నిలిచినదో గ్రామస్థులు చెప్పిన గుర్తులతో, అచట తయారు కావలెను. ఉప్పెనవేళ తీరపు పల్లెలనుండి రహదారికి చేర్చు బాటలలో మొదట బాగుచేయవలసిన వేవో వరుస తేల్చుకొనవలెను. నా యెంచికలో ఈ వరుసకే మొదటి స్థానము. పట్టణముల చుట్టుదారులు తరువాత. తమ యూరి కోరికను మూడవదిగానో పదవదిగానో వ్రాసికొనుటకు ఒడబడు సభ్యుడే ఆ సభకు తగినవాడు. ఆ పట్టికపై అందఱి సంతకములు పడిన పిమ్మట ఢిల్లీకి పంపినది ఒక యూరి యర్జీ కాదు, తీరమంతటి మాట.

ఇందుకు మొదటి పని ఈ వారముననే చేయవచ్చును. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో ఏ పౌరుడైనను రహదారి విస్తరణమునకు సంబంధించిన పటములు, తూముల లెక్కలు ఇమ్మని కేంద్ర రహదారి కార్యాలయమును అడుగవచ్చును. ముప్పది దినములలో వారు బదులీయవలెను. ప్రతి పఠనమందిరమువారును తమ మండలపు పటమును తెప్పించి గోడకు తగిలించి, సర్పంచిని, వార్డు సభ్యులను, నీరుకట్టును పిలిచి చూపింపుడు. అర్జీ వ్రాయుట తెలియనివారికి వ్రాసిపెట్టుటకు మా బారులో కొందఱము సిద్ధముగా నున్నాము.