ఓడినవాడు రాసిన గ్రంథం

చదరంగంలో మొట్టమొదటి అంతర్జాతీయ పోటీ 1851లో లండన్‌లో జరిగింది. దాని వృత్తాంతం 'ది చెస్ టోర్నమెంట్' అన్న పేరుతో 1852లో వెలువడింది. రాసినవాడు హొవర్డ్ స్టాంటన్. పోటీని తలపెట్టినవాడు ఆయనే, నిర్వాహక సంఘానికి కార్యదర్శి ఆయనే, బరిలో దిగి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నవాడూ ఆయనే. వాది, సాక్షి, న్యాయమూర్తి ఒక్కరే అయిన వ్యాజ్యమిది. అయినా ఆ గ్రంథం చెప్పిందే ప్రమాణమని వాదించే చదరంగ ప్రియులు ఇంకా ఉన్నారు. నా పేచీ వారితోనే.

స్టాంటన్‌ను చిన్నబుచ్చడం నా అభిమతం కాదు. 1843లో పారిస్ వెళ్లి సేంట్ ఆమాన్‌ను ఓడించి వచ్చిన మేటి ఆయన. నేటికీ పోటీలలో వాడే పావుల నమూనా ఆయన పేరుతోనే చలామణి అవుతోంది. హైడ్ పార్కులో మహా ప్రదర్శన జరుగుతున్న ఏడాదే ఐరోపా ఆటగాళ్లందరినీ లండన్‌కు రప్పించాలన్న ఊహ కూడా ఆయనదే. బ్రెస్లావ్‌లోని గణితోపాధ్యాయుడు అడాల్ఫ్ ఆండర్సన్ దారిఖర్చులకు జంకితే, బహుమతి దక్కని పక్షంలో ఆ సొమ్ము తానే ఇచ్చుకుంటానన్న ఉదారుడు. అదే ఆండర్సన్ ఆయనను 4–1తో ఓడించి, చివరకు ప్రథమ బహుమతి పట్టుకుపోయాడు.

మనిషిలోని ఆ ఔదార్యం కలంలోకి దిగలేదు. నిర్వహణ భారం, అనారోగ్యం తనను కుంగదీశాయన్నాడు, అంతవరకు నమ్మవచ్చు. కాని మూడో స్థానం కోసం జరిగిన పోరులో తనను 4–3తో ఓడించిన ఎలైజా విలియమ్స్ విషయంలో ఆయన రాతలు చరిత్రకారుడి రాతలు కావు. విలియమ్స్ ఒక్కో ఎత్తుకు అంతులేని కాలం తీసుకుని ఎదుటివాణ్ణి విసిగించాడన్నది అభియోగం. తీసుకునే ఉంటాడు. అయితే, ఎత్తుకు ఇంత సమయమని నియమం ఉన్నదా? లేదు. ఆ నియమాలు చేసిన సంఘానికి కార్యదర్శి ఎవరు? లేని నిబంధనను ఉల్లంఘించాడని ఒకరిని బోను ఎక్కించడం ఏ ధర్మం?

ఆ ఏడాదే మళ్లీ విలియమ్స్‌తో తలపడ్డాడు. ఏడు గెలుపులు పందెం. మూడు గెలుపులను ముందుగానే ప్రత్యర్థి ఖాతాలో వేశాడు. తాను ఆరు ఆటలు గెలిచి నాలుగే ఓడాడు. లెక్క ప్రకారం పందెం విలియమ్స్‌ది. ఆ షరతుకు ఒప్పుకున్నవాడూ ఆయనే.

కాలహరణంపై ఆయన గోల వృథా పోలేదని ఆయన పక్షం వారు అంటారు. ఒప్పుకుంటాను. 1862 లండన్ పోటీలో ఇసుక గడియారాలు వచ్చాయి, 1883 నాటికి జంట గడియారాలు వచ్చాయి. కాలపరిమితి కావాలన్న మాట న్యాయమైనదే. విలియమ్స్ దోషి అన్న మాటకు అది రుజువెలా అవుతుంది? 1854లో కలరా అతణ్ణి పొట్టన పెట్టుకుంది. ఆ తరువాత జవాబు చెప్పుకునే అవకాశమైనా లేదు.

ఓడినవాడు రాయకూడదని నేననను. అదే వేసవిలో, జూన్ 21న, పోటీతో నిమిత్తం లేకుండా లయొనెల్ కీజెరిట్స్కీ ఆండర్సన్‌తో సరదాగా ఒక ఆట ఆడాడు. ఆండర్సన్ ఒక శకటాన్ని, రెండు ఏనుగులను, ఆఖరికి మంత్రిని కూడా బలిపెట్టి, మిగిలిన చిన్న పావులతో రాజును కట్టేశాడు. పోటీ తొలి అంచెలో కూడా ఆండర్సన్ చేతిలోనే ఓడి ఇంటిదారి పట్టిన కీజెరిట్స్కీ ఏం చేశాడు? పారిస్‌లో తానే నడిపే 'లా రెజాన్స్' పత్రిక జూలై సంచికలో ఆ ఆటను, అంటే తన పరాభవాన్ని, తానే అచ్చువేశాడు. ప్రత్యర్థి ప్రతిభను మెచ్చుకున్నాడు.

నాలుగేళ్లకు ఫాల్క్‌బీర్ ఆ ఆటను 'అమర క్రీడ' అన్నాడు. 1851 అనగానే ఇప్పుడు అందరికీ స్ఫురించేది అదే. అది జరిగిన రెండేళ్లకు, 1853లో, కీజెరిట్స్కీ పారిస్‌లో కన్నుమూశాడు.