శాంతి ఎవరినీ కాపాడలేదు

విశ్వంలో ఎక్కడో ఆయుధం పట్టని, పొరుగువాడి భూమిని ఆశించని మరో నాగరికత బయటపడితే మానవజాతి దానితో ఎలా వ్యవహరిస్తుంది? మేధావుల గోష్ఠుల్లో ఇది ముచ్చటైన ప్రశ్న. గౌరవంతో, సంయమనంతో, శాస్త్రీయ దృష్టితో అన్న జవాబు కూడా సిద్ధంగానే ఉంటుంది. అది ఎంత బూటకమో తెలుసుకోవడానికి నక్షత్రాల దాకా పోనక్కర్లేదు. పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ జంక్షన్‌లో రైలు దిగితే చాలు.

ఖరగ్‌పూర్‌ను రైల్వే కట్టిన ఊరనే అందరూ చెప్పుకుంటారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రాకముందు అక్కడ ఏమీ లేనట్టే ఆ కథ మొదలవుతుంది. నిజానికి ఆ చుట్టుపక్కల సాల వనాల్లో లోధా శబరులు ఉన్నారు. అడవిలో దుంపలు, తేనె, ఆకులు సేకరించుకుని, చిన్న జంతువులను వేటాడుకుని బతికిన జాతి అది. ఎవరి రాజ్యం మీదికీ దండెత్తలేదు. 1760లో మేదినీపూర్ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1793 శాశ్వత శిస్తు ఒప్పందంతో అడవి అంచులు జమీందార్ల ఆస్తిగా మారాయి. ఆ తర్వాత అటవీ చట్టాలు వచ్చాయి. రైలు పట్టాల కింద పరిచే స్లీపర్ల కోసం సాల వృక్షాలు కూలాయి. అడవి పోయాక అడవి మీద బతికినవాడు ఏం తినాలన్న ప్రశ్న ఏ దస్త్రంలోనూ నమోదు కాలేదు. నమోదైంది ఒక్కటే: 1916లో లోధాలు నేరస్థ తెగ.

ఈ క్రమాన్ని జాగ్రత్తగా గమనించాలి. మొదట వనరు పోయింది. తర్వాత ఆకలి వచ్చింది. ఆ ఆకలికి చట్టం నేరం అని పేరు పెట్టింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం వ్యక్తి చేసిన పనిని కాక పుట్టుకను శిక్షించింది. లోధా ఇంట పుట్టిన శిశువు కళ్లు తెరవకముందే అనుమానితుల జాబితాలో చేరింది. 1952లో స్వతంత్ర భారతం ఆ చట్టాన్ని రద్దు చేసి, దాని స్థానంలో రాష్ట్రాలు తెచ్చిన అలవాటైన నేరస్థుల చట్టాలను కొనసాగనిచ్చింది. పాత పటాన్ని కొత్త చట్రంలో బిగించడమంటే ఇదే.

చట్టం రద్దయినా చూపు మారలేదనడానికి ఖరగ్‌పూరే సాక్షి. లోధా శబరుల్లో పట్టభద్రురాలైన తొలి మహిళ చునీ కోటాల్. 1985లో మానవశాస్త్రంలో డిగ్రీ పొందారు. మేదినీపూర్‌లో ఆదివాసీ, దళిత బాలికల వసతి గృహానికి పర్యవేక్షకురాలిగా పనిచేస్తూ ఎం.ఎస్సీ.లో చేరారు. నేరస్థ తెగవారికి ఉన్నత విద్య అర్హత లేదన్న అవమానాన్ని తరగతి గదిలోనే ఎదుర్కొన్నానని ఆమె ఫిర్యాదు చేశారు. ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. న్యాయం మాత్రం రాలేదు. 1992 ఆగస్టు 16న ఖరగ్‌పూర్‌లో ఆమె ప్రాణం తీసుకున్నారు. అప్పటికి వయసు 27 ఏళ్లు. ఆ మరణం తర్వాతే కలకత్తా పత్రికలు, వీధులు మేల్కొన్నాయి. మహాశ్వేతా దేవి ఆ గాథను సాహిత్యంలోకి తెచ్చారు.

ఆదివాసులను ప్రధాన స్రవంతిలో కలపాలి, చదివించాలి, అప్పుడు వివక్ష దానంతటదే తొలగిపోతుందని వాదించేవారు ఇక్కడ ఆగి జవాబు చెప్పాలి. చునీ కోటాల్ ఆ మాటను అక్షరాలా పాటించారు. పైగా మనుషుల సంస్కృతులను గౌరవించడం నేర్పే శాస్త్రాన్నే ఎంచుకున్నారు. లోపం ఆమె ప్రయత్నంలో లేదు. ఆమెను కలుపుకోవలసిన స్రవంతిలోనే విషం ఉంది.

ఇది ఒక్క బెంగాల్ పాపమని తెలుగు పాఠకుడు ఊరట చెందనవసరం లేదు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అదే చట్టం నీడలో, సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో పుట్టిన ఎరుకల సెటిల్‌మెంటు. ఆ ఊరి పేరును దొంగతనానికి పర్యాయపదం చేసి తెలుగు సినిమా దశాబ్దాలుగా టిక్కెట్లు అమ్ముకుంటోంది. ఖరగ్‌పూర్‌లోని తెలుగువారి చరిత్ర కూడా ఇక్కడ గుర్తుకు రావాలి. ఉత్తరాంధ్ర నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లినవారు రైల్వే కార్మికులయ్యారు. ఉద్యోగాల కోతకు వ్యతిరేకంగా బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు పోరాడినప్పుడు వారికి వి.వి. గిరి నాయకత్వం ఉంది, యూనియన్ ఉంది, చక్రాలను ఆపగల శక్తి ఉంది. అందుకే యాజమాన్యం దిగివచ్చింది. లోధాలకు ఆపడానికి చక్రాలు లేవు. ఒకే ఊరి చుట్టూ ఉన్న ఇద్దరు నిరుపేదలలో ఒకరికి పౌరసత్వమూ, మరొకరికి పోలీసు రిజిస్టరూ దక్కడానికి కారణం గుణగణాలు కాదు, బేరమాడే శక్తి.

ప్రపంచ చరిత్రా ఇదే చెబుతుంది. న్యూజిలాండ్‌కు తూర్పున చాథమ్ దీవుల్లోని మోరియోరీలు యుద్ధంలో చంపకూడదన్న పూర్వికుల కట్టడిని శతాబ్దాల పాటు పాటించారు. 1835లో బయటి నుంచి మావోరీ తెగలు దిగినప్పుడు కూడా సభ కూడి, ఆ కట్టడిని వీడరాదనే నిర్ణయించారు. దానికి ప్రతిఫలంగా దక్కింది ఊచకోత, బానిసత్వం. 1862 నాటికి మిగిలినవారు 101 మంది. ఆక్రమించినవారు తెల్లవారు కారు, తామూ వలస పాలన కింద నలిగినవారే. శాంతికాముకులను తొక్కడం ఏ ఒక్క జాతి గుత్త సొత్తూ కాదని దీనర్థం.

భారతదేశానికి సంయమనం బొత్తిగా తెలియదని కాదు. ఉత్తర సెంటినెల్ దీవి జోలికి ఎవరూ వెళ్లకూడదన్న విధానం ఉంది. 2018లో ఒక అమెరికన్ మత ప్రచారకుడు అక్కడ మరణించినా ప్రభుత్వం ఆ దీవి మీదికి బలగాలను పంపలేదు. ఆ నిగ్రహాన్ని మెచ్చుకోవలసిందే. అయితే అదే ద్వీప సమూహంలోని గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, నగరం కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించడానికి 2022లో అనుమతులు వచ్చాయి. అది షోంపెన్ల నివాసం. ముందిచ్చిన సమ్మతిని గిరిజన మండలి వెనక్కి తీసుకున్నా పథకం ఆగలేదు. సెంటినెల్‌లో రేవు కట్టే లాభం ఎవరికీ కనబడలేదు, గ్రేట్ నికోబార్‌లో కనబడింది. గౌరవానికీ దురాక్రమణకూ మధ్య తేడా అంతే అయితే, అది గౌరవం కాదు, నిరాసక్తత.

కనుక కొత్త నాగరికత పట్ల మానవజాతి ప్రవర్తన ఎలా ఉంటుందన్నది ఊహకు వదిలేసే విషయం కాదు. వారి దగ్గర కావలసింది ఏమీ లేకపోతే మ్యూజియం. ఉంటే పథకం. అడ్డు చెబితే కేసు.

ఈ జవాబు మారాలంటే సానుభూతి ప్రకటనలు చాలవు. రాష్ట్రాల్లో ఇంకా మిగిలిన అలవాటైన నేరస్థుల చట్టాలను పూర్తిగా రద్దు చేయాలి. ఆ పని చేయాలని జాతీయ మానవ హక్కుల కమిషన్ 2000లోనే సూచించింది. సంచార తెగల ఖైదీలకు పారిపోయే స్వభావం సహజమని భావించే నిబంధన పశ్చిమ బెంగాల్ జైలు నియమావళిలో ఉన్నదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఎత్తిచూపేవరకు ఏ ప్రభుత్వానికీ, అది ఎర్రజెండాది కానీ మరొకటి కానీ, సిగ్గు కలగలేదు. 2006 అటవీ హక్కుల చట్టం అత్యంత బలహీన ఆదివాసీ సమూహాలకు ఇచ్చిన ఆవాస హక్కును కాగితం మీంచి నేల మీదికి తేవాలి. వద్దన్న మాటకు అవునన్న మాటకు ఉన్నంత విలువ ఉండాలి.

ఇవేవీ చేయకుండా గ్రహాంతర నాగరికతలను గౌరవిస్తామని చెప్పేవారిని అడగవలసింది ఒక్కటే. ఖరగ్‌పూర్ స్టేషన్‌కు కూతవేటు దూరంలో ఉన్న నాగరికతను గుర్తించడానికి ఇంకెన్ని దశాబ్దాలు కావాలి?