పట్టా కళాశాలలో, పట్టభద్రుడు షోరూములో

హైదరాబాద్ వస్త్ర దుకాణాల్లో చీరలు విప్పి చూపి, తిరిగి మడతపెడుతున్న యువతీయువకుల్లో డిగ్రీ చదివినవారు కొత్త కాదు. దీనికి నైపుణ్య లోపమే కారణమనడం విధానకర్తలకు అలవాటైంది. వీరిలో కొందరి చేతికి అసలు పట్టాయే రాలేదన్న సంగతి ఆ వివరణలో కనిపించదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల మొదటితరం విద్యార్థులకు ప్రైవేటు కళాశాలల తలుపులు తెరిచింది. అయితే ప్రభుత్వం బకాయి పడినప్పుడు కళాశాల పట్టుకునేది ప్రభుత్వాన్ని కాదు, విద్యార్థి ధ్రువపత్రాలను. (తెలంగాణలో 2025లో యాజమాన్యాలు బకాయిల కోసం బంద్‌కు దిగాయి, విద్యార్థికి ఆ బలమూ లేదు.) స్తోమత ఉన్న కుటుంబం ఫీజు తానే కట్టి పట్టా విడిపించుకుంటుంది. కూలి కుటుంబపు బిడ్డ జిరాక్సు ప్రతులతో, ఒరిజినల్స్ అడగని చోట పనికి కుదురుకుంటాడు. ఆ ఎంపికను ప్రతిభ చేసిందనగలమా?

పట్టా దక్కినా దారి సాఫీ కాదు. రాజ్యాంగంలోని 16(4) అధికరణం ప్రభుత్వ కొలువుల వద్దే ఆగిపోతుంది. ప్రైవేటు సంస్థలకు సమాన అర్హతలతో దరఖాస్తులు పంపి థోరట్, అట్టెవెల్ చేసిన అధ్యయనం 2007లో వెలువడింది. అగ్రవర్ణ పేర్లతో పోలిస్తే దళిత పేర్లకు పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడింట రెండు వంతులేనని అందులో తేలింది.

రెండో అడ్డంకికి ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు కావాలి. అది పార్లమెంటు తేల్చవలసిన సుదీర్ఘ పోరాటం. మొదటిదానికి అంత అక్కర్లేదు. ధ్రువపత్రాలు ఆపిన కళాశాలపై చర్య తీసుకుంటామని మంత్రులు హెచ్చరిస్తే, అదే కళాశాలకు బాకీపడ్డ ప్రభుత్వం మాట ఎవరు వింటారు? ముందు ఆ బకాయి చెల్లించాలి.