ఎండ కాసిందని మంచును నమ్మొద్దు

ఏలూరు వాళ్లకి తమ్మిలేరు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. ఊళ్లో చుక్క వాన ఉండదు, ఎండ కాస్తుంటుంది. కానీ ఎగువన చింతలపూడి వైపు, ఖమ్మం జిల్లా వైపు కురిసిన వాన ఇక్కడికి వరదై వస్తుంది. మంచు కొండల లెక్క కూడా ఇంతే.

ఈ చలికాలం తాడేపల్లిగూడెంలో రైలెక్కి మనాలికో, ఉత్తరాఖండ్‌కో మంచు ట్రెక్‌కి వెళ్దామని మీలో కొందరు ప్లాన్ వేసుకుంటూ ఉంటారు. వెళ్లండి. కాకపోతే అక్కడ ఎవరైనా "నిన్నంతా మంచు పడింది, ఇవాళ ఎండొచ్చింది, పదండి" అంటే మాత్రం ఆగండి. భారీగా మంచు కురిశాక మొదటి 24 నుంచి 48 గంటలే ఎక్కువ ప్రమాదం.

ఎందుకంటే మంచు పొరలు పొరలుగా పేరుకుంటుంది. అడుగున పంచదారలా పొడిపొడిగా ఉండే పొర, దాని మీద బరువైన కొత్త పొర. ఒక్కోసారి మనిషి బరువు పడినా చాలు, పైపొర పలకలా విరిగి జారిపోతుంది.

2022 అక్టోబర్ 4న ఉత్తరకాశీ జిల్లా ద్రౌపదీ కా దండా-2 శిఖరం దగ్గర మంచుచరియ విరిగిపడింది. నెహ్రూ పర్వతారోహణ సంస్థ బృందంలో 27 మంది మృతదేహాలు దొరికాయి. వాళ్లలో నేర్చుకునేవాళ్లే కాదు, నేర్పేవాళ్లూ ఉన్నారు. కాబట్టి "గైడ్ ఉన్నాడుగా" అన్న ధైర్యం ఒక్కటే చాలదు.

మరేం చేయాలి? బయల్దేరే ముందు చండీగఢ్‌లోని డీజీఆర్‌ఈ మంచుచరియల హెచ్చరిక చూడండి. ఫోన్‌లో వాలు కొలిచే యాప్ పెట్టుకోండి. 30 నుంచి 45 డిగ్రీల వాలు ప్రమాదం. మీ కాళ్ల కింద ఉన్నదే కాదు, మీ పైన ఉన్న వాలు కూడా లెక్కే. అడుగేస్తే లోపల 'వుంఫ్' అని శబ్దం వచ్చినా, మంచు మీద పగుళ్లు పాకినా వెనక్కి వచ్చేయండి. అనుమానం ఉన్న చోటు తప్పనిసరిగా దాటాల్సి వస్తే ఒక్కొక్కరే దాటండి.

అలాంటి కొండల్లోకి వెళ్తే ప్రతి ఒక్కరి దగ్గరా బీకన్, ప్రోబ్, పార ఉండాలి. మంచులో కూరుకుపోయిన మనిషిని 10, 15 నిమిషాల్లో బయటికి తీస్తే బతికే అవకాశం ఎక్కువ. తర్వాత అది వేగంగా తగ్గిపోతుంది. అంటే కాపాడాల్సింది పక్కనున్న స్నేహితుడే, హెలికాప్టర్ కాదు. ఇంకో మాట, ఫోన్ పక్కనే ఉంటే బీకన్ సిగ్నల్ దెబ్బతింటుంది. రెంటికీ మధ్య కనీసం జానెడు దూరం ఉంచండి.

తమ్మిలేరు పొంగి రోడ్డు మీదికొస్తే బండి వెనక్కి తిప్పేస్తాం కదా, అందులో నామోషీ ఏముంది? అక్కడా అంతే. కట్టిన డబ్బు పోతే పోయింది. "వెనక్కి వెళ్లిపోదాం రా" అనే మాట బృందంలో మీరే ముందు అనండి.